అత్త అర్ర మీద కొత్త గూన

నేను కుమ్మరి ఇంట పుట్టి కుమ్మరి ఇంటికే కోడలిగా పోయినదాన్ని. పుట్టిల్లు రాయపోల్ దగ్గర, అత్తిల్లు సిద్దిపేటలో. అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నాను కాబట్టి ఇదంతా నా చేత్తో రాయడం నాకు కొంచెం గర్వంగానే ఉంది. తప్పులుంటే చదివేవాళ్లే సర్దుకోవాలి. దిద్దే ఓపిక నాకు లేదు.

మట్టి పని చేసేవాళ్ల ఇళ్లు ఎట్లా ఉంటాయో బయటివాళ్లకు తెలియదు. ఊరిలో సగం ఇళ్ల మీదికి గూన మా ఆములో, అదే కుండలు కాల్చే బట్టీలో, కాలి పోయిందే. సారె మీద, అంటే కుమ్మరి చక్రం మీద, మట్టిని గొట్టంలా లేపి, కాస్త ఆరాక నిలువునా రెండుగా కోసి, ఎండబెట్టి కాలిస్తే గూన అవుతుంది. పెంకు అనండి, ఏదైనా అనండి. కింది వరుస వెల్లకిలా, పై వరుస బోర్లా పరిస్తే వాన నీళ్లు దారి పట్టి చూరు దిగిపోతాయి. మంచి గూనంతా బజారు ఇళ్లకు, బండ్ల మీద చుట్టుపక్కల ఊళ్లకు పోయేది. వంకర పోయినవి, అంచు విరిగినవి, ఆములో మూలకు పడి సెగ తగలనివి మిగిలేవి. పగిలినచోట ఒకటీ రెండూ చొప్పున అవి మా ఇంటి మీదికి ఎక్కేవి. పుట్టింట్లోనూ అంతే, అత్తింట్లోనూ అంతే. ఎప్పుడో తాతల కాలంలో ఎక్కిన గూన పాచి పట్టి నల్లబడి ఉండేది. ఇంటి కప్పు రంగే నలుపని నేను చిన్నప్పుడు అనుకునేదాన్ని.

నాకు పెళ్లయిన మూడో ఏడు సంగతి ఇది. అప్పుడు యుద్ధం నడుస్తోంది. దీపాలకు గ్యాసునూనె దొరక్క జనం పొద్దుగూకకముందే అన్నాలు తినేసేవాళ్లు. ఇంట్లో మేం ముగ్గురమే. నేను, మా ఆయన, మా అత్త. మామ నేను కాపురానికి రాకముందే పోయాడు.

అత్తకు దమ్ము, ఉబ్బసం. ఎండాకాలం బాగానే ఉండేది. ఆము దగ్గర నాతో సమానంగా పని చేసేది, నోరు నాకన్నా ఎక్కువే చేసేది. వానలు తగ్గి చలి మొదలయిందంటే ఆమె ఊపిరి ఆమె మాట వినేది కాదు. పడుకుంటే గాలి ఆడదు. లోపలి అర్రలో, అంటే గదిలో, గుంజకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చేది. కిందటి చలికాలం ఆమె మాకు దక్కదనే అనుకున్నాం. పుష్యమాసంలో ఒకరోజు పెదవులు నీలంగా అయిపోతే మా ఆయన ఏడుస్తూ గంగతీర్థం కూడా పోశాడు. దవాఖానలో డాక్టరు చూసి మందుకన్నా ముందు ఇల్లు చూసుకోండి అన్నాడు. తడి నేల మీద, చలిగాలి కొట్టే కప్పు కింద ఇంకో చలికాలం ఉంటే ఈమె బతకదని మా ఆయనకు ముఖం మీదే చెప్పాడు.

అంత తెలిసి కూడా ఆ ఏడు వానలు మొదలయ్యే మిరుగం కార్తెకు ముందు మా ఇంటి గూన తిప్పలేకపోయాం. తిప్పడమంటే కప్పు మొత్తం విప్పి, చెత్త దులిపి, పగిలినవి తీసేసి మళ్లీ పేర్చడం. ఏటేటా ఎండాకాలంలో జరగాల్సిన పని. గూన చేసేది మేమైనా కప్పేది మేము కాదు. ఆ పనికి ఒక ముసలి సాయెబు ఉండేవాడు. పిల్లి నడిచినట్టు నడిచేవాడు, కాలి కింద ఒక్క పెంకు పగిలేది కాదు. ఆయనను ముందు పెద్ద ఇళ్లవాళ్లు పట్టుకుపోయేవాళ్లు. మా వంతు వచ్చేసరికి వానలే వచ్చేశాయి. మనమే ఎక్కుదామంటే మా ఆయన కాలికి నారికురుపు. దిగుడుబావి నీళ్లు తాగినవాళ్లకు కాలిలోంచి సన్నటి దారంలా పురుగు బయటికి వచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెం లాగాలి. తొందరపడి తెంపితే కాలు చీము పడుతుంది. మా ఆయన తొందరపడ్డాడు. దసరా దాటినా కుంటుతూనే ఉన్నాడు.

ఆ వానాకాలమంతా ఇంట్లో ఎక్కడ కురిస్తే అక్కడ కుండ పెట్టాం. కుమ్మరి ఇంట్లో కుండలకు కరువా. ఒక్కోసారి నడవడానికి జాగ ఉండేది కాదు.

బతుకమ్మ అయింది, దసరా అయింది. వాన తెరిపి ఇచ్చింది. పొద్దున మంచు పడడం మొదలయింది, దాంతోపాటే అత్త ఊపిరిలో పిల్లికూత. ఇంకా స్వాతి కార్తె వాన బాకీ ఉంది. ఆ తర్వాత చలి. సాయెబు కోసం మా ఆయన కుంటుకుంటూ రెండుసార్లు పోయాడు. ఆయన మద్దూరు దిక్కు ఎవరిదో పెద్ద ఇల్లు కప్పడానికి పోయి ఇంకా రాలేదన్నారు.

"నేనెక్కుత" అన్నాను ఒకరోజు అన్నం తింటూ. పుట్టింట్లో మా బాపుకు కొడుకులు లేరు. ఆయన పక్కన నేను చాలాసార్లు కప్పు ఎక్కాను. నాకు చేతనైన పని.

అత్త చేతిలో ముద్ద ఆగింది. "ఏందీ?"

"ఇల్లు ఎక్కుత. గూన తిప్పుత."

"కోడలు వచ్చి అత్త నెత్తి మీద నడుస్తదా? కింద దేవుని గూడుంటది. దేవుని మీద కాలు పెడ్తవా? రాయపోల్ల గట్లనే నేర్పిండా మీ బాపు?"

నాకు కోపం వచ్చింది. మా బాపును అంటే నాకు ఆగదు. "మా బాపు కురువని ఇంట్ల పండుమని నేర్పిండు" అన్నాను. మా ఆయన తల వంచుకుని గబగబా తిని చెయ్యి కడుక్కున్నాడు. అత్తా నేనూ మాటామాటా అనుకునేటప్పుడు ఆయనకు ఎప్పుడూ ఆముకాడ పని గుర్తొచ్చేది.

నాలుగు రోజులు అత్తా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఐదో రోజు పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే అత్త లోపలి నుంచి బయటికి వచ్చింది. దగ్గి దగ్గి కళ్లు ఎర్రగా ఉన్నాయి. కొంగులో ఏదో కట్టుకుని రొమ్ముకు ఆనించి పట్టుకుంది. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని కొంగు విప్పింది. గూట్లోని దేవుని ప్రతిమలు, పసుపు కుంకుమల గురిగి.

"నేను, దేవుడు బయటికి వచ్చినం" అంది. "ఇంట్ల ఎవ్వరు లేరు. ఇగ నీ ఇష్టం."

నాకు నవ్వు ఆగలేదు. ఆమె నవ్వలేదు గానీ మూతి మాత్రం బిగపట్టుకుంది.

పని మూడు రోజులు పట్టింది. చీర గోచి పెట్టుకుని నిచ్చెన ఎక్కాను. వాడకట్టు ఆడవాళ్లు నోటి మీద చెయ్యి పెట్టుకుని చూశారు. ఒక రోజు చూసి వాళ్లే విసిగి పనికి పోయారు. నేను ఒక్కో పట్టీ విప్పి గూన కిందికి అందిస్తే మా ఆయన కూర్చుని అందుకునేవాడు. గూన కింద పరిచిన బోదగడ్డి మురిగి నల్లగా పొడి అవుతోంది. దాన్నంతా తీసి కొత్త గడ్డి మందంగా పరిచాను. గోడకూ కప్పుకూ మధ్య సందులోంచే చలిగాలి లోపలికి దూరుతుంది కాబట్టి అక్కడ మట్టి, ఊక కలిపి పిసికి మెత్తాను. మూడు రోజులూ అత్త, దేవుడు మంచం మీదే. పొద్దు తిరిగినప్పుడల్లా మంచం నీడకు జరుపుకునేవాళ్లం. ఆమె అక్కడి నుంచే "గా మూలకు వంగింది చూడు", "గా వాసం పట్టుకోకు, పుచ్చింది" అని పని చెప్పేది. కప్పు మీద నాకు కనపడనిది కింద ఆమెకు ఎట్లా కనపడేదో మరి.

ఇప్పుడు నా తెలివి సంగతి రాయాలి.

దసరా ముందు ఆములో బజారులోని ఒక ఇంటికోసం గూన కాల్చాం. వాళ్లకు కావలసినంత వాళ్లు తోలుకుపోగా కొంత మిగిలింది. ఎర్రగా, నున్నగా, ఎక్కడా వంకర లేకుండా కాలిన గూన. వేలి కణుపుతో కొడితే ఖంగుమని మోగేది. వచ్చేవాళ్ల కోసం దాచిపెట్టే సరుకది.

"ఇది అత్త అర్ర మీదికి" అన్నాను.

"అమ్మే సరుకు ఇంటి మీదికి ఎక్కుతదా?" అన్నాడు మా ఆయన. మా వంశంలో ఎవరూ చేయని పని నేను అడిగినట్టు చూశాడు.

"ఎక్కుతది. పాతవి మోగుతలేవు, అన్ని డొల్లే. గవన్ని ముంగటి సాయబాను మీద ఏస్త, వంటర్ర మీద ఏస్త. అత్త పండే కాడ మాత్రం గివే."

ఆయన తల్లి వైపు చూశాడు. అత్త ఒక కొత్త గూన ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. లోపలివైపు, మా ఆయన వేళ్ల గీతలు పడినచోట అరచేత్తో రాసింది. "మంచిగ కాలింది" అని నాకు తిరిగి ఇచ్చింది.

నేను ప్రతి గూననూ చెవి దగ్గర కొట్టి చూసి, మోగినవాటితోనే ఆమె అర్ర కప్పాను. దిగి వాకిట్లోకి వచ్చి చూస్తే ఇల్లంతా నల్లగా, మధ్యలో అత్త అర్ర ఒక్కటి ఎర్రగా. నా భుజం నేనే తట్టుకున్నాను. ఆ పూట అన్నం కూడా ఎక్కువే తిన్నాను. దేవుడు, అత్త లోపలికి పోయారు.

స్వాతి వాన మిట్టమధ్యాహ్నం మొదలయింది. పెద్ద వాన కాదు, ముసురు. సాయబానులో, ముందు వసారాలో చూశాను, పొడిగా ఉంది. వంటర్ర చూశాను, చుక్క లేదు. గర్వంగా అత్త అర్రలోకి పోయాను. అక్కడ గడ్డి సందుల్లోంచి కనపడే గూన లోపలివైపు చెమట పట్టినట్టు మెరుస్తోంది. నేను చూస్తుండగానే ఒక చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత అర్రంతా. ఒక్కచోట కురిస్తే కుండ పెడతాం. ప్రతి గూనా కారుతుంటే ఎక్కడని పెడతాం? మెత్తటి కొత్త గడ్డి నీళ్లు తాగి బరువెక్కి వంగింది. గోడకు మెత్తిన మట్టి జారింది. అత్త బొంత, కట్టుబట్టలు, దేవుని గూడు, అన్నీ తడిశాయి. ఆమెను వంటర్రలోకి తెచ్చి పొయ్యి పక్కన కూర్చోబెట్టేసరికి ఆమె పళ్లు కొట్టుకుంటున్నాయి.

ముసురు రెండు రోజులు విడవలేదు. ఆ రెండు రోజులు నేను ఎట్లా ఉన్నానో చెప్పలేను. పొయ్యి మీద ఇసుక వేయించి గుడ్డలో మూటగట్టి ఆమె వీపుకు కాపడం పెట్టాను. మిరియాల కషాయం కాచి పోశాను. ఆమె మోకాళ్ల మీద చేతులు ఆనించి ముందుకు వంగి, ఒక్కో ఊపిరీ బావిలోంచి చేదినట్టు తీసుకునేది. మాట రావడం లేదు. నేనే ఈమెను చంపాను అనుకున్నాను. పాత గూన పాతగా ఉంచి ఉంటే, ఇల్లు ఎక్కుతానని నోరు జారకుండా ఉంటే, అని వంద తీర్ల అనుకున్నాను. మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మూడో రోజు తెరిపి ఇచ్చింది. ఆ రోజే సాయెబు వచ్చాడు. మద్దూరు నుంచి తిరిగి వచ్చి, మా ఆయన తన కోసం వచ్చి పోయిన సంగతి తెలిసి నేరుగా మా ఇంటికే వచ్చాడట. వాకిట్లో నిలబడి కప్పు చూసి గడ్డం గోక్కున్నాడు.

"కప్పుడు మంచిగనే కప్పిన్రు. వరుస తప్పలే" అన్నాడు. "గని కొత్త గూన ఎందుకు ఏసిన్రు?"

"కొత్తదే గద మంచిది" అన్నాను నేను.

"కొత్త కుండల నీళ్లు పోస్తె ఏమైతది బిడ్డా?"

"చెమరుస్తది" అన్నాను. అన్నాక నాకు అర్థమయింది. కొత్త కుండ చెమర్చి నీళ్లు చల్లబడతాయని ఊరందరికీ చెప్పి అమ్మేది మేమే. గూన కూడా అదే మట్టి, అదే సెగ. రెండు మూడు వానలు తాగి, దుమ్ము పట్టి, పాచి పట్టాక గాని దాని కంతలు పూడవు. సాయెబు కొత్త ఇల్లు కప్పినప్పుడు మొదటి ఏడు ఆ కారుడు ఎక్కడికక్కడ చూసుకుంటాడట. మాకు ఎట్లా తెలుస్తుంది? ఏడు తరాల నుంచి గూన చేస్తున్నాం, ఏ తరంలోనూ మా నెత్తి మీద ఒక అర్ర నిండా కొత్త గూన పడలేదు.

"ఎవరు ఏసిన్రు గివి?" అన్నాడు సాయెబు.

నేను నోరు తెరిచేలోపే వంటర్ర గడపలోంచి అత్త గొంతు వినపడింది. రెండు రోజుల తర్వాత ఆమె అన్న మొదటి మాట అది. "నేనే ఏపిచ్చిన. కొత్తవి కావాల్నని నేనే అన్న."

మా ఆయన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. సాయెబు నవ్వి, "సరే, పాతవి గీ అర్ర మీదికి మార్సుదాం, నేనెక్కుత" అని లుంగీ పైకి కట్టాడు.

"నువ్వొద్దు" అంది అత్త, ఊపిరి కూడగట్టుకుని. "మా కోడలు ఎక్కుతది. నువ్వు కింద నిలవడి ఎట్లనో చెప్పు."

ఆ రోజు ఆమె బయటికి రాలేదు. దేవుణ్నీ బయటికి తేలేదు. నేను వాళ్లిద్దరి నెత్తి మీదే నడిచాను. సాయబాను మీది నల్ల గూన తెచ్చి ఆమె అర్ర మీద పేర్చాను. మోగని డొల్ల గూన, నేను పనికిరాదన్న గూన. కొత్తది సాయబానుకు పోయింది. తడిసిన గడ్డి తీసి ఎండబెట్టి మళ్లీ పరిచాను. సాయెబు కింద నుంచి కర్రతో చూపిస్తూ, అడుగు ఎక్కడ వేయాలో, కింది గూన మీద పై గూన ఎన్ని వేళ్ల మేర ఎక్కాలో చెప్పాడు. మా బాపు చెప్పనివి కూడా కొన్ని చెప్పాడు. అర్రలో నిప్పుల కుంపటి పెట్టి నాలుగు రోజులు నేల ఆరనిచ్చాం.

స్వాతి ఇంకో రెండు వానలు కురిసి పోయింది. అర్రలో చుక్క పడలేదు. తర్వాత చలి వచ్చింది. ఆ ఏడు చలి మామూలుది కాదు. పొద్దున బిందె పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. అత్తకు పిల్లికూత ఉంది, దగ్గు ఉంది, అయినా ఊపిరి తెగలేదు. పుష్యమాసంలో ఒక పొద్దున వాకిలి ఊడవడానికి లేచి, దగ్గు వినపడక, అర్రలోకి ఉరికాను. ఆమె గుంజకు ఆనుకుని లేదు. నేల మీద బొంత పరుచుకుని కాళ్లు చాపి పడుకుని నిద్రపోతోంది. చలికాలంలో ఆమె నడుము వాల్చడం నేను అంతకుముందు చూడలేదు. చీపురు పక్కన పెట్టి చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ పూట వాకిలి ఊడవడం బాగా ఆలస్యమయింది.

శివరాత్రి దగ్గర పడినప్పుడు ఒక మధ్యాహ్నం ఇద్దరం వాకిట్లో ఎండకు కూర్చున్నాం. నేను ఆమె తల దువ్వి జడ అల్లుతున్నాను. అప్పుడు అడిగాను, సాయెబు ముందు అబద్ధం ఎందుకాడినవ్ అత్తా అని.

"ఏం అబద్ధం?"

"కొత్త గూన నువ్వే ఏపిచ్చిన్నని."

"అబద్ధమెట్లయితది? కారుతదని నాకెరుకనే" అంది.

నేను అల్లడం ఆపాను.

"నా పెండ్లయిన కొత్తల బజార్ల ఒకరింటికి వడ్లు దంచవోయేదాన్ని. మీ మామ చేసిన గూనతోనే వాళ్లు కొత్తిల్లు కప్పుకున్నరు. మొదటి వానకే ఇల్లంత కారింది. గా ఇంటామె నా ముందట మీ మామను తిట్టిన తిట్లు ఇప్పటిదాక నా చెవుల్ల ఉన్నయి. ఇంటికొచ్చి నేను మీ మామకు గూడ చెప్పలే, పానం ఉసూరుమంటదని."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్దామనే గూన ఒళ్లె పెట్టుకున్న" అంది. "నువ్వు ఒక్కొక్కటి చెవుకాడ కొట్టి సూసి నా అర్ర దిక్కు పెడ్తుంటివి. గీ ఇంటికొచ్చి ముప్పై ఏండ్లాయె. మీ మామ బండ్లకు బండ్లు గూన చేసిండు. నా కొడుకు చేసిండు. మంచిది ఒక్కటన్న నా నెత్తి మీదికి రాలే. ఎవ్వలన్న ఏస్తరని నేను గూడ అనుకోలే. నువ్వేస్తుంటె వద్దనబుద్ధి గాలే."

"చచ్చిపోయేదానివి గద అత్తా."

"ఒక్క పూట తడుస్త, మర్నాడు మార్పిచ్చుకుంట అనుకున్న. రెండు దినాలు ముసురు వట్టుకుంటదని అనుకున్ననా?"

నాకు దుఃఖం ఆగలేదు. ఆమె వీపుకు ముఖం ఆనించి ఏడ్చాను. ఆమె వెనక్కి తిరగలేదు. కొంతసేపయ్యాక, జడ సగంలో ఉంది, అల్లు అంది.